సున్నా చూపించే మీటరు

మొన్న సంక్రాంతికి బందరు వెళ్ళినప్పుడు మా బావ జేబులోంచి తీసి టేబుల్ మీద పెట్టిన వస్తువుని చూసి, ముందు పాతకాలం పేజరేమో అనుకున్నాను. పసుపు రంగు డబ్బా, చిన్న స్క్రీను, వెనకాల ఒక క్లిప్పు. బావ దివిసీమలో ఒక రొయ్యల ప్లాంటులో సేఫ్టీ సూపర్‌వైజరు. నేరుగా కంపెనీ మనిషి కాదు, కాంట్రాక్టరు తరఫున.

"ఏంటి బావా ఇది?"

"గ్యాస్ మీటరు. ట్యాంకులోకి మనిషిని దింపేముందు తాడు కట్టి దీన్ని దింపుతాం. నాలుగు రకాలు చూపిస్తుంది. ఇదిగో చూడు, ఆక్సిజన్ 20.9. మిగతా మూడూ సున్నా. అంటే మీ ఇంట్లో గ్యాస్ లీకేం లేదన్నమాట" అని నవ్వాడు.

మన వృత్తి అలవాటు ఊరుకోదుగా. "ఇది పనిచేస్తోందని నీకెలా తెలుసు?" అన్నాను.

"ఆన్ అయింది కదా. బ్యాటరీ నిండా ఉంది. ఆన్ చేసినప్పుడు కీచుమంటుంది కూడా."

"అది కాదు బావా. నిజంగా గ్యాస్ ఉన్నప్పుడు మోగుతుందని ఎలా తెలుసు?"

బావ ఒక్క క్షణం ఆగాడు. "దానికో సిలిండరు ఉంటుందిలే. కొన్నప్పుడు ఒకటి ఇచ్చారు. అది అయిపోయింది, డేటు కూడా దాటిపోయింది. కొత్తదానికి రెండుసార్లు ఇండెంటు పెట్టాను. కొరియరు వాడు గ్యాస్ సిలిండరంటే తీసుకోనంటాడు. పర్చేజు వాళ్ళేమో మీటరు బానే ఉందిగా, ఖాళీ గాలి కొనటానికి డబ్బులా అంటారు."

ఆ "ఖాళీ గాలి" గురించే ఈ టపా. పండగ అయిపోయి తిరిగొచ్చాక కూడా నన్ను వదల్లేదు. కూర్చుని చదివాను, తెలిసినవాళ్ళని అడిగాను. తెలుసుకున్నకొద్దీ ఇది రొయ్యల ప్లాంటు సంగతి మాత్రమే కాదనిపించింది.

ముందు ఆ సిలిండరు సంగతి. దాన్ని క్యాలిబ్రేషన్ గ్యాస్ అంటారు. డియోడరెంటు డబ్బాకి పెద్దన్నలా ఉండే అల్యూమినియం సిలిండరు. ఎక్కువగా కనపడేది 58 లీటర్లది. అందులో గ్యాసులు కొలిచి కలిపి ఉంటాయి. నాలుగు గ్యాసుల మీటరుకి వాడే మిశ్రమం ఇంచుమించు ఇలా ఉంటుంది: మీథేన్ 2.5 శాతం, ఆక్సిజన్ 18 శాతం, కార్బన్ మోనాక్సైడ్ 100 పీపీఎం, హైడ్రోజన్ సల్ఫైడ్ 25 పీపీఎం, మిగతాదంతా నైట్రోజన్. తయారీదారుని బట్టి అంకెలు కొంచెం మారతాయి. సిలిండరుకి రెగ్యులేటరు బిగించి, సన్న గొట్టంతో ఈ గ్యాసుని మీటరు మూతికి పట్టిస్తే, స్క్రీను మీద అంకెలు లేచి అలారం మోగాలి. ఇలా మోగిందా లేదా అని చూడటాన్ని బంప్ టెస్టు అంటారు. మోగటమే కాకుండా, 25 ఉన్నచోట 25 చూపించేలా మీటరుని సరిచేయటం క్యాలిబ్రేషన్. మొదటిది నిమిషం పని. ఈ మీటర్లు తయారుచేసే కంపెనీల సంఘాలు ఏ రోజు వాడితే ఆ రోజు పనికి ముందు బంప్ టెస్టు చేయమనే చెబుతున్నాయి.

ఎందుకింత పట్టుదల? అసలు విషయం ఇక్కడే ఉంది.

మీటరులో ఉన్న నాలుగు సెన్సర్లలో ఆక్సిజన్ సెన్సరు ఒక్కటే తన ఆరోగ్యం తనే చెప్పుకుంటుంది. చుట్టూ గాలి ఉన్నంతసేపూ అది 20.9 చూపించాలి. పాడైతే సాధారణంగా అంకె పడిపోతుంది, అలారం మోగుతుంది, మనకి తెలుస్తుంది. దానికి కావలసిన క్యాలిబ్రేషన్ గ్యాస్ మన చుట్టూ ఉచితంగా ఉంది. మిగతా మూడింటికీ ఆ భాగ్యం లేదు. గ్యాస్ లేనప్పుడు మంచి సెన్సరు సున్నా చూపిస్తుంది. చచ్చిపోయిన సెన్సరు కూడా సున్నానే చూపిస్తుంది. బయటినుంచి చూసేవాడికి ఆ రెండు సున్నాలకీ తేడా తెలీదు.

చచ్చిపోవటం కూడా పెద్ద కష్టమేం కాదు. మండే గ్యాసుని పట్టుకునే సెన్సరులో వేడిగా ఉండే చిన్న పూస ఉంటుంది. గ్యాస్ ఆ పూస మీద మండితే వేడి పెరుగుతుంది, ఆ పెరిగిన వేడిని కొలుస్తుంది. మెషిన్ల మీద కొట్టే సిలికాన్ స్ప్రే ఆవిరి తగిలితే పూస మీద పొర కట్టేసి ఆ గుణం పోతుంది. అందులోనూ ముందు పోయేది మీథేన్‌ని పట్టుకునే శక్తి. పైగా ఆ పూస మీద ఏదైనా మండాలంటే ఆక్సిజన్ కావాలి. అందుకే పైన చెప్పిన మిశ్రమంలో ఆక్సిజన్ కూడా కలుపుతారు. ఎవరో తెలియక ఒట్టి నైట్రోజన్‌లో కలిపిన మీథేన్ పట్టుకొచ్చి టెస్టు చేస్తే మంచి సెన్సరు కూడా ఫెయిలవుతుంది. ఇక హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ మోనాక్సైడ్ సెన్సర్లు రసాయన చర్యతో కరెంటు పుట్టించేవి. వయసు పైబడ్డకొద్దీ బలహీనపడతాయి, లేదా దుమ్ము, బురదతో మూతి మూసుకుపోతుంది. అప్పుడు కూడా స్క్రీను మీద అదే సున్నా.

ఇది చదువుతుంటే మా తాతయ్య గుర్తొచ్చాడు. నూజివీడు వైపు మెట్ట ఊళ్ళలో నూతిలో పూడిక తీయటానికి దిగేముందు వెలిగించిన లాంతరుని చేదతాడుకి కట్టి కిందకి దింపేవాళ్ళు. దీపం ఆరిపోతే ఎవరూ దిగరు. ఆ లాంతరుతో నిజానికి చాలా ఇబ్బందులున్నాయి. ఆక్సిజన్ తక్కువైతేనే ఆరుతుంది. కార్బన్ మోనాక్సైడూ, హైడ్రోజన్ సల్ఫైడూ మనిషిని చంపే మోతాదులో ఉన్నా దీపం నిక్షేపంగా వెలుగుతూనే ఉంటుంది. మీథేన్ ఉంటే ప్రమాదాన్ని అదే తెచ్చిపెడుతుంది. కానీ ఒక్క సుగుణం ఉంది. అది పనిచేస్తోందా లేదా అని ఎవర్నీ అడగక్కర్లేదు. వెలుగుతుంటే పనిచేస్తున్నట్టే. నూనె అయిపోయి ఆరినా ఎవరూ దిగరు. బ్రిటన్ బొగ్గు గనుల్లో 1986 దాకా వాడిన కేనరీ పిట్టలదీ అదే లెక్క. పిట్ట ఊగుతూ కూస్తున్నంతసేపూ సెన్సరు పనిచేస్తున్నట్టు. ఇప్పటి మీటరు లాంతరు కంటే, పిట్ట కంటే ఎన్నో రెట్లు మెరుగైనదే. కానీ ఆ ఒక్క సుగుణాన్ని మాత్రం పోగొట్టుకుంది. దాన్ని తిరిగి తెచ్చేదే క్యాలిబ్రేషన్ గ్యాస్.

మనవాళ్ళకి ఇది కొత్త పాఠం కాకూడదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేసు డైరెక్టరీనే చెరిపేశాడు. సరే, బ్యాకప్ ఉందిగా అని వెతికితే ఎస్3 బకెట్ ఖాళీ. పోస్ట్‌గ్రెస్ వెర్షన్ తేడా వల్ల డంప్ ఫెయిలవుతోంది. ఫెయిలయినట్టు సిస్టం మెయిళ్ళు కూడా పంపింది పాపం, కానీ ఆ మెయిళ్ళు డీమార్క్ దగ్గర రిజెక్టయి ఎవరికీ చేరలేదు. అంతకు ఆరు గంటల ముందు వేరే పని కోసం చేత్తో తీసుకున్న స్నాప్‌షాట్ ఒకటి ఉండబట్టి బయటపడ్డారు. దాచుకోకుండా ఇదంతా వాళ్ళే రాసి ప్రకటించారు. ఎర్రర్ మెయిల్ రావటంలేదంటే ఎర్రర్ లేదనుకున్నారు. మనమూ అంతే. డాష్‌బోర్డు పచ్చగా ఉంటే హాయిగా నిద్రపోతాం. మానిటరింగ్ ఏజెంటే చచ్చి పడి ఉందేమోనని ఎంతమంది చూస్తాం? తేడా ఏంటంటే మనకి పోయేది ఆరు గంటల డేటా.

అక్కడ పోయేది ఏంటో చెప్పటానికి దూరం వెళ్ళక్కర్లేదు. ఉప్పుటేరుకి అవతల, పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరు దగ్గర రొయ్యల ప్లాంటులో 2017 మార్చి 30న ట్యాంకు శుభ్రం చేయటానికి దిగి ఐదుగురు చనిపోయారు. 2018 జులై 12న తాడిపత్రి ఉక్కు ఫ్యాక్టరీలో కార్బన్ మోనాక్సైడ్ పీల్చి ఆరుగురు పోయారు. 2016 ఆగస్టులో మాదాపూర్ అయ్యప్ప సొసైటీలో మ్యాన్‌హోల్‌లో నలుగురు పోయారు, అందులో ఒకరు లోపల పడ్డవాళ్ళని కాపాడదామని దిగినతను. అయ్యప్ప సొసైటీ అంటే మనలో సగంమంది బ్యాచిలర్ రూముల్లో ఉన్న చోటే. ఈ మూడు చోట్లా మీటరు చెడిపోవటమే కారణమని నేను అనటంలేదు. ఇలాంటి చోట మనిషికీ చావుకీ మధ్య ఎంత సన్నటి గీత ఉంటుందో చెప్పటానికే ఇవి.

హైడ్రోజన్ సల్ఫైడ్ సంగతే చూడండి. కుళ్ళిన కోడిగుడ్డు వాసన. కొంచెం ఉన్నప్పుడు ముక్కు ఇట్టే పట్టేస్తుంది. 100 పీపీఎం దగ్గరికి వచ్చేసరికి ముక్కు మొద్దుబారి వాసనే తెలీదు. ప్రాణాపాయం అని అమెరికా వాళ్ళ నియాష్ సంస్థ గీత గీసింది కూడా ఆ 100 దగ్గరే. అంటే అసలు కావలసిన సమయానికి మన ముక్కు కూడా సున్నా చూపించే మీటరు అయిపోతుంది.

ఇక మా డెల్టా సంగతికొద్దాం. పైకి చూస్తే వరిచేలు, చెరువులు, కొబ్బరిచెట్లు. "ఇక్కడ ఇండస్ట్రీ ఏముంది, గ్యాస్ డిటెక్టర్లు ఎందుకు" అనిపిస్తుంది. బందరు గిలకలదిండి హార్బరు చుట్టూ చేపలకి ఐసు కావాలి. ఐసు ఫ్యాక్టరీ అంటే అమ్మోనియా. గుడివాడ వైపు రైసు మిల్లులు, గోడౌన్లు. అక్కడ పురుగు పట్టకుండా బస్తాల మీద పట్టాలు కప్పి అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలు పెడతారు. 3 గ్రాముల మాత్ర ఒకటి 1 గ్రాము ఫాస్ఫీన్ వదులుతుంది. దివిసీమలో రొయ్యల చెరువులు, ప్లాంట్లు, వాటి మురుగు ట్యాంకులు, అంటే హైడ్రోజన్ సల్ఫైడ్. అక్కడే నాగాయలంక దగ్గర చమురు, సహజవాయువు బావులు కూడా ఉన్నాయి, అంటే మీథేన్. బందరు పోర్టు పనులు 2023 మేలో మొదలయ్యాయి. పోర్టు వచ్చాక ఇలాంటివి పెరుగుతాయే గానీ తగ్గవు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. మా బావ దగ్గరున్నట్టి నాలుగు గ్యాసుల మీటరుకి అమ్మోనియా తెలీదు, ఫాస్ఫీన్ కూడా దాని జాబితాలో లేదు. "మండే గ్యాసు చూపిస్తుందిగా, అమ్మోనియా కూడా మండుతుందిగా" అని ఒకాయన నాతో వాదించాడు. నిజమే, మండుతుంది, గాలిలో 15 శాతం ఉంటే. కానీ 300 పీపీఎంకే ప్రాణాపాయం. అంటే 0.03 శాతం. మండే హద్దులో అది ఐదు వందలో వంతు. ఆ సెన్సరు అక్కడ కూడా సున్నానే చూపిస్తుంది, ఈసారి ఏ లోపమూ లేకుండానే! అమ్మోనియాకి వేరే సెన్సరు కావాలి, దానికి వేరే క్యాలిబ్రేషన్ సిలిండరు కావాలి. ఆ గ్యాసు గొట్టాలకి అంటుకుపోయే రకం కాబట్టి గొట్టం కూడా తగినదే వాడాలి. ఏ మీటరు ఏ గ్యాసుని చూడగలదో తెలుసుకోవటానికి, దానికి ఆ గ్యాసు చూపించి చూడటాన్ని మించిన దారి లేదు.

చట్టం ఏమందని కూడా చూశాను. 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 36వ సెక్షను ఇలాంటి ట్యాంకుల గురించే ఉండేది. అర్హత ఉన్న మనిషి స్వయంగా పరీక్ష చేసి, లోపల ప్రమాదకరమైన గ్యాసు లేదని రాసి సంతకం పెడితేనే దిగాలి, లేదా దిగేవాడికి శ్వాస పరికరం, తాడు కట్టిన బెల్టు ఉండాలి అని రాశారు. చాలా మంచి మాట. కానీ సంతకం పెట్టేవాడి చేతిలో ఉన్న మీటరు గుడ్డిదైతే ఆ సంతకం విలువెంత? అతను అబద్ధం ఆడలేదు. మీటరు చూపించిన సున్నానే కాగితం మీద వేశాడు.

"ఇదంతా సిలిండర్లు అమ్ముకునేవాళ్ళ ఎత్తు" అని మీలో కొందరికి అనిపించవచ్చు. నాకూ అనిపించింది. రోజూ టెస్టు చేయమని చెప్పేది మీటర్లు తయారుచేసేవాళ్ళే, గ్యాసు అమ్మేదీ చాలావరకు వాళ్ళే. పైగా వంద టెస్టుల్లో తొంభై తొమ్మిదిసార్లు మీటరు మోగుతుంది, "దండగ" అనిపిస్తుంది. సరే, లెక్క వేద్దాం. 58 లీటర్ల సిలిండరు, నిమిషానికి అర లీటరు. అంటే 116 నిమిషాలు. నిమిషానికో టెస్టు చొప్పున వందకి పైగా టెస్టులు. సిలిండరు పదిహేను వేలు అనుకుందాం. టెస్టుకి 150 రూపాయలు పడింది. మన ఆఫీసు కింద కాఫీ షాపులో ఒక కాపుచీనో. దిగే మనిషి ప్రాణానికి ఆ మాత్రం దండగ పెట్టొచ్చు. అవును, అసలు మనిషిని దింపే అవసరమే లేకుండా చేయటం అన్నిటికన్నా మేలు, అందులో రెండో మాట లేదు. కానీ అది జరిగేదాకా దిగేవాళ్ళు దిగుతూనే ఉన్నారుగా.

నిజానికి చిన్న ప్లాంటువాడికి కష్టం డబ్బుతోనే కాదు. హైడ్రోజన్ సల్ఫైడ్ లాంటి గ్యాసు సిలిండరులో ఎల్లకాలం నిలవదు, రెండేళ్ళు అలా గడువుంటుంది. అమ్మోనియాకి ఇంకా తక్కువ. నెలకి రెండుసార్లు ట్యాంకు తెరిచేవాడు సిలిండరు సగం కూడా వాడకుండానే డేటు దాటిపోతుంది. డేటు దాటినదాంతో క్యాలిబ్రేట్ చేస్తే మీటరుకి తప్పు పాఠం చెప్పినట్టే.

నేను తిరిగొచ్చిన పది రోజులకి బావ ఫోను చేశాడు. పక్క ప్లాంటులో తెలిసినాయన దగ్గర డేటు ఉన్న సిలిండరు ఉంటే, మీటరు పట్టుకెళ్ళి పెట్టించాడట.

"మూడు బానే మోగాయి బావా. హైడ్రోజన్ సల్ఫైడే... 25 చూపించాల్సింది 4 దగ్గర ఆగిపోయింది."

అలారం పెట్టింది 10 దగ్గర. 25 ఉంటే 4 చూపించే మీటరు, 10 చూపించాలంటే లోపల 60 దాటాలి. అప్పటికి మనిషి నిచ్చెన మీద ఉంటాడో, కింద ఉంటాడో.

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత బావే అన్నాడు, "దీపావళి ముందు దీన్ని నమ్మే ఇద్దర్ని దింపాను. ఇద్దరూ మన కోడూరు వైపు పిల్లలే."

వాళ్ళకేం కాలేదు. ఆ రోజు లోపల గ్యాసు లేదు కాబట్టి కాలేదు. మీటరు వల్ల కాదు.

అప్పట్నుంచీ నా బుర్రలో ఒక ఆలోచన తిరుగుతోంది. పచారీ కొట్టు కాటాకి తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. ముద్ర లేకపోతే జరిమానా. పెట్రోలు బంకులో అనుమానం వస్తే 5 లీటర్ల కొలత పాత్ర తెప్పించి మన కళ్ళముందే కొట్టించి చూసుకోవచ్చు. చిలకలపూడి వాళ్ళు రోల్డ్‌గోల్డ్ చేసినా, నగ అసలుదో కాదో తేల్చాలంటే గీటురాయి మీద తెలిసిన బంగారం గీత పక్కన గీసి చూడాల్సిందే. వందగ్రాముల కందిపప్పుకి, అర లీటరు పెట్రోలుకి, కాసు బంగారానికి ఇంత ఏర్పాటు చేసుకున్నాం. ప్రాణం కాపాడే మీటరుకి గీటురాయి ఏది? ఆ గీటురాయి ఈ సిలిండరే. దాని పక్కన ఒక సర్టిఫికెట్టు ఉంటుంది. మంచి సిలిండరు అయితే ఆ అంకె వెనక గొలుసు పట్టుకుని పోతే ఏదో ఒక దేశపు జాతీయ ప్రమాణాల దగ్గర తేలుతుంది. మన దేశంలో ఆ పని ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబరేటరీది.

కాబట్టి ప్రతి ప్లాంటూ సొంతంగా కొనుక్కోలేకపోతే, ఊరికొకటి పెట్టుకుందాం. బందరులో ఒకటి, గుడివాడలో ఒకటి, అవనిగడ్డలో ఒకటి. ఫైర్ స్టేషన్లోనో, పాలిటెక్నిక్‌లోనో, ఐస్ ఫ్యాక్టరీల వాళ్ళు, మిల్లర్లు కలిసి అద్దెకి తీసుకున్న గదిలోనో. నాలుగు గ్యాసులది, అమ్మోనియాది, ఫాస్ఫీన్‌ది సిలిండర్లు, ఒక రిజిస్టరు, వాడటం తెలిసిన ఒక మనిషి. ట్యాంకు తెరిచే రోజు పొద్దున్నే మీటరు తెచ్చి, మోగించి చూసుకుని, రిజిస్టర్లో సంతకం పెట్టి పట్టుకెళ్ళాలి. నలుగురూ వాడితే గడువులోపు సిలిండరు ఖర్చవుతుంది, డేటు దాటదు. పర్చేజు వాళ్ళతో గొడవ ఉండదు, కొరియరు తిప్పలు ఒక్కళ్ళే పడతారు. దీనికి పెద్ద టెక్నాలజీ ఏమీ అక్కర్లేదు. యాప్ అసలే అక్కర్లేదు, ఆ మాట ముందే చెబుతున్నాను!

ఇది ఎవరు మొదలుపెట్టాలంటే, ఇప్పటికి నా దగ్గరున్న సమాధానం చిన్నదే. సగం సిలిండరు ఖర్చు నేను వేసుకుంటానని బావకి చెప్పాను, మిగతా సగానికి అతను ఇద్దరు ఐస్ ఫ్యాక్టరీ వాళ్ళతో మాట్లాడుతున్నాడు. హైడ్రోజన్ సల్ఫైడ్ సెన్సరు మార్చేదాకా ఆ ట్యాంకు తెరవనని సూపర్‌వైజరుగా రాసి ఇచ్చాడు. దానివల్ల అతని ఉద్యోగానికి ఏమవుతుందో ఇంకా తెలీదు.

మీలో చాలామందికి ఊళ్ళో ఒక బావో, బాబాయో, చిన్ననాటి స్నేహితుడో ఇలాంటి చోట పనిచేస్తూ ఉంటాడు. ఈసారి ఫోను చేసినప్పుడు మూడే మూడు ప్రశ్నలు అడగండి. మీ మీటరు మీ దగ్గరున్న గ్యాసుని చూడగలదా? ఆఖరిసారి దానికి నిజం గ్యాసు చూపించింది ఎప్పుడు? ఆ సిలిండరు మీద డేటు ఎంత? సమాధానాలు ఏమొచ్చాయో ఇక్కడ రాస్తే బావకి చూపిస్తాను. ఉంటాను మరి.